పోలికలు పట్టే మెదడు

మనిషి మెదడు ముఖాన్ని మిగతా వస్తువులను చూసినట్టు చూడదు. చెట్టునో బండినో కుండనో చూసినప్పుడు దాని భాగాలను బట్టి అదేమిటో తేల్చుకుంటుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారిపోతుంది. కళ్లు, ముక్కు, నోరు, వాటి మధ్య దూరాలు, మొత్తం అమరిక అన్నీ కలిసి ఒకేసారి అందుతాయి. అందుకే ఇరవై ఏళ్ల తర్వాత నంద్యాల బస్టాండులో ఎదురైన చిన్ననాటి స్నేహితుణ్ని, జుట్టు ఊడినా మీసం నెరిసినా, ఇట్టే పోల్చుకుంటారు. అతని ముక్కు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పమంటే మాత్రం చాలామంది తడబడతారు.

కంటి వెనక ఉన్న రెటీనా నుంచి మెదడుకు బొమ్మలేమీ వెళ్లవు. వెలుగు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్న తేడాల సమాచారం మాత్రం వెళ్తుంది. దృష్టి నాడి మీదుగా అది తల వెనక భాగానికి చేరుతుంది. అక్కడి నాడీకణాలు పనులు పంచుకుని ఉంటాయి. ఒకటి నిలువు గీతకు స్పందిస్తే మరొకటి ఏటవాలు గీతకే స్పందిస్తుంది. పిల్లుల మెదళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి కనిపెట్టిన డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ 1981లో నోబెల్ బహుమతి అందుకున్నారు. గీతలూ అంచులూ తేలాక సమాచారం రెండు దారులుగా చీలుతుంది. ఒకటి కిందుగా కణతల వైపు సాగి, ఎదుట ఉన్నది ఏమిటో, ఎవరో తేలుస్తుంది. రెండోది పైగా నడినెత్తి వైపు సాగి, అది ఎక్కడుందో ఎటు కదులుతోందో చూసుకుంటుంది.

మొదటి దారిలో, మెదడు అడుగు భాగాన, ముఖాలకు గట్టిగా స్పందించే చిన్న ప్రాంతం ఒకటుంది. దాని పేరు ఫ్యూజిఫార్మ్ ముఖ ప్రాంతం. చాలామందిలో ఇది ఎడమవైపు కంటే కుడివైపు చురుగ్గా ఉంటుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్, ఆమె సహచరులు ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో మనుషులను పడుకోబెట్టి ముఖాలు, ఇళ్లు, చేతులు, వస్తువుల బొమ్మలు చూపించినప్పుడు ఈ చోటు ముఖాలకే ఎక్కువగా వెలిగింది. కోతుల మెదడులో ముఖాలకు స్పందించే కణాలున్నాయని చార్లెస్ గ్రాస్ అంతకు పాతికేళ్ల ముందే గమనించాడు, కానీ అప్పట్లో ఆ మాటను నమ్మినవాళ్లు తక్కువ. 2017లో డోరిస్ సావ్ ప్రయోగశాల ఇంకో అడుగు వేసింది. కోతి మెదడులో సుమారు 200 కణాల స్పందనలను నమోదు చేసి, ఆ లెక్కల నుంచే ఆ కోతి ఏ ముఖాన్ని చూసిందో తిరిగి గీయగలిగింది. ఒక్కో కణం ఒక్కో మనిషిని గుర్తు పెట్టుకోదని ఆ ప్రయోగం చెప్పింది. ముఖం వెడల్పు, కళ్ల మధ్య ఎడం, చర్మపు ఛాయ వంటి కొలతల కలయికల్లో ఒక్కోదాన్ని ఒక్కో కణం కొలుస్తుంది. ఆ కొలతలన్నీ కూడితే ఒక ముఖం.

ఇదంతా రెప్ప వేసినంత సేపు కూడా పట్టదు. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి ఈఈజీ తీస్తే, ముఖం కనిపించిన 170 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఒక విద్యుత్ సంకేతం కిందికి దిగుతుంది. ఇళ్లకూ కుర్చీలకూ అది అంతగా రాదు. శాస్త్రవేత్తలు దాన్ని ఎన్170 అంటారు. ముందు ముందు ఈ సంకేతం హైదరాబాద్‌లో మళ్లీ కనిపిస్తుంది, సరిగ్గా చెప్పాలంటే ముఖాలకూ ఇళ్లకూ మధ్య అది చూపే తేడా కనిపించకుండా పోతుంది.

ముఖాన్ని మొత్తంగా చూస్తామనడానికి తేలికైన రుజువు ఫోటోను తలకిందులు చేయడం. ఇల్లు తలకిందులైనా పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. ముఖం తలకిందులైతే తెలిసినవాళ్లు కూడా తెలియనట్టే అవుతారని 1969లో రాబర్ట్ యిన్ చూపించాడు. 1980లో పీటర్ థాంప్సన్ అప్పటి బ్రిటిష్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటో తీసుకుని, కళ్లనూ నోటినీ మాత్రం కత్తిరించి తిప్పి అతికించాడు. ఆ ఫోటో తలకిందులుగా ఉన్నంతసేపు ఎవరికీ తేడా తెలియదు. నిటారుగా నిలబెడితే ఒళ్లు జలదరిస్తుంది. తలకిందులైనప్పుడు మెదడు మొత్తం అమరికను చదవడం మానేసి ముక్కలు ముక్కలుగా చూస్తుంది. ఏ ముక్కకు ఆ ముక్క బాగానే ఉందనిపిస్తుంది.

ఈ అమరిక సంగతి ప్రయోగశాలల కంటే ముందే శిల్పులకు తెలుసు. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దేవతా విగ్రహాలకు పెట్టింది పేరు. అక్కడి రాతి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శిల్పశాస్త్రం ముఖం పొడవును ఒక తాలంగా, అంటే 12 అంగుళాలుగా తీసుకుని మూడు సమభాగాలు చేస్తుంది. నుదురు ఒక భాగం, కనుబొమల నుంచి ముక్కు కొస దాకా ఒక భాగం, అక్కడి నుంచి గడ్డం దాకా మరో భాగం. నిలువెత్తు విగ్రహాన్ని తొమ్మిది తాలాలుగానో పది తాలాలుగానో లెక్కగడతారు. ఈ అంగుళం స్కేలు మీద ఉండే అంగుళం కాదు, విగ్రహం సైజును బట్టి మారే కొలత. పెద్ద రాయిలోనైనా చిన్న రాయిలోనైనా దూరాల నిష్పత్తి చెక్కుచెదరదు. మెదడు పట్టి చూసేదీ నిష్పత్తులనే కాబట్టి అరచేతిలో ఇమిడే విగ్రహాన్నీ ఆరడుగుల విగ్రహాన్నీ ఒకే దేవుడిగా గుర్తిస్తుంది. ఊరి కూడళ్లలో నిలబెట్టే నాయకుల విగ్రహాల్లో కొన్నింటి కింద పేరు చదివితే గానీ అది ఎవరిదో తెలియకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. కళ్లజోడు, పంచె, చేతి భంగిమ అన్నీ కుదిరినా, కళ్ల మధ్య ఎడం కొద్దిగా తప్పితే మెదడు అది వేరే మనిషి అంటుంది.

విగ్రహంలో కళ్లను చివరికి తెరుస్తారు. నేత్రోన్మీలనం జరిగే దాకా అది పూజకు రాని రాయే. శాస్త్రం వైపు నుంచి చూసినా ముఖంలో కంటికి ఉన్నంత బలం మరో భాగానికి లేదు. మిగతా వానర జాతులతో పోలిస్తే మనిషి కంట్లో తెల్లగుడ్డు బాగా బయటికి కనిపిస్తుంది. దానివల్ల ఎదుటివాడి చూపు ఎటు తిరిగిందో దూరం నుంచే తెలుస్తుంది. చూపు దిశనూ ముఖంలో మారే భావాలనూ చదివే పని కణత పక్కగా సాగే ఒక ముడతది. భయం విషయంలో మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా కూడా పాలుపంచుకుంటుంది. రెండు వైపులా అమిగ్డలా దెబ్బతిన్న ఒక అమెరికన్ మహిళ ఎదుటివారి ముఖంలో భయాన్ని పోల్చుకోలేకపోయేది. ఆమె అసలు కళ్ల వైపే చూడడం లేదని 2005లో రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం కనిపెట్టింది. కళ్లు చూడమని చెప్పినంతసేపు ఆమె భయాన్ని సరిగ్గానే గుర్తించింది. చెప్పడం ఆపితే చూపు మళ్లీ పక్కకు జారిపోయేది.

ఆళ్లగడ్డకు దగ్గరలోని అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలున్నాయి. ముఖం సింహానిది, ఒళ్లు మనిషిది. జ్వాలా నరసింహుడి ఉగ్రాన్ని, లక్ష్మితో కూర్చున్న మాలోల నరసింహుడి శాంతాన్ని భక్తులు చూడగానే వేరు చేస్తారు. రెండు కళ్లూ వాటి కింద నోరూ ఉంటే చాలు, మనిషి ముఖం కాకపోయినా మెదడు అందులో భావం వెతుక్కుంటుంది. కొండ బండలో, మబ్బులో, లారీ ముందు భాగంలో కూడా ముఖం కనిపించేది ఇందుకే. లేని ముఖం ఉందనుకుంటే పోయేదేమీ లేదు, పొదల మాటున ఉన్న ముఖం కనబడకపోతే ప్రాణం పోవచ్చు. ఈ మొగ్గు పుట్టుకతో వచ్చేది. పుట్టి గంట కూడా కాని పసికందులు ముఖంలా అమర్చిన గుర్తుల వెంట చూపు తిప్పుతారని, అవే గుర్తులను చెదరగొడితే అంతగా పట్టించుకోరని 1991లో మార్క్ జాన్సన్, జాన్ మోర్టన్ బృందం చూపించింది.

ఈ ఏర్పాటు దెబ్బతింటే మనిషి చూపు బాగానే ఉండి కూడా మనుషులను పోల్చుకోలేడు. తలకు గాయాలైన సైనికుల్లో దీన్ని గమనించి 1947లో జర్మన్ వైద్యుడు యోఆఖిమ్ బోడమర్ ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్నవారు నూటికి ఇద్దరు దాకా ఉంటారని ఒక అంచనా. నడక, గొంతు, చీర రంగు, కళ్లజోడు ఆధారంగా నెట్టుకొస్తుంటారు కాబట్టి చాలామందికి తమకు ఆ ఇబ్బంది ఉన్నట్టే తెలియదు. పలకరించకుండా వెళ్లిపోయారని బంధువులు అలిగే సందర్భాల్లో కొన్నయినా ఈ ఖాతాలోవే కావచ్చు. పక్షవాతం వచ్చాక మనుషుల ముఖాలు మరిచిపోయిన ఒక బ్రిటిష్ వ్యక్తి ఆ తర్వాత గొర్రెల పెంపకం మొదలుపెట్టాడు. మనుషులను పోల్చుకోలేని ఆయన తన గొర్రెలను మాత్రం ముఖం చూసి చెప్పగలిగేవాడు. 1993లో ఈ కేసు ప్రచురితమైంది. రాయలసీమ కాపరులకు గొర్రె ముఖాలు వేరువేరుగా కనబడతాయంటే వింతేమీ లేదు గానీ, మనుషుల ముఖాలకూ గొర్రె ముఖాలకూ మెదడులో దారులు వేరు కావచ్చన్నది ఆ కేసుతో బయటపడిన కొత్త సంగతి.

ముఖాన్ని గుర్తించడం ఒక పని, అయినవాళ్లన్న భావన కలగడం మరో పని. ఈ రెండింటి మధ్య లంకె తెగితే కాప్‌గ్రాస్ భ్రమ వస్తుంది. ఎదుట ఉన్నది అచ్చం అమ్మలాగే ఉంది, కానీ అమ్మ కాదు, అమ్మ వేషంలో వచ్చిన మరెవరో అని రోగి వాదిస్తాడు. తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న వి.ఎస్. రామచంద్రన్, విలియం హిర్‌స్టీన్ 1997లో వర్ణించిన రోగి తల్లిదండ్రులు ఎదుట నిలబడితే మోసగాళ్లనేవాడు. వాళ్లే ఫోన్‌లో మాట్లాడితే ఏ అనుమానమూ లేకుండా కబుర్లు చెప్పేవాడు. కంటి నుంచి భావోద్వేగాలకు వెళ్లే దారి తెగింది, చెవి నుంచి వెళ్లే దారి తెగలేదు అని వాళ్ల వివరణ.

ముఖం చూసే శక్తిలో పుట్టుకతో వచ్చేది ఎంత, చూసి చూసి నేర్చుకునేది ఎంత అన్న ప్రశ్నకు బలమైన జవాబు తెలుగు నేల మీదే దొరికింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు పుట్టుకతోనే రెండు కళ్లలో దట్టమైన శుక్లాలున్న పిల్లలు వస్తుంటారు. ధనిక దేశాల్లో ఇలాంటి పిల్లలకు తొలి వారాల్లోనే శస్త్రచికిత్స అయిపోతుంది. ఇక్కడ కొందరు ఏళ్లు గడిచాక వస్తారు. పేదరికం, దూరం, తెలియకపోవడం అందుకు కారణాలు. జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిగిటే రోడర్ బృందం, ఈ సంస్థలో పిల్లల కంటి వైద్యుడు రమేశ్ కెకున్నాయతో కలిసి, 2 నెలల నుంచి 14 ఏళ్ల మధ్య వయసులో శుక్లాలు తీయించుకున్నవారిని ఈఈజీతో పరీక్షించింది. ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

మామూలు చూపుతో పెరిగినవారిలో ముఖం కనబడగానే వచ్చే ఎన్170 సంకేతం ముఖాలకు పెద్దదిగా, ఇళ్లకు చిన్నదిగా ఉంటుంది. పుట్టు శుక్లాలు తీయించుకున్నవారిలో ఆ తేడా లేదు. ఏది చూపించినా మెదడు ఒకేలా స్పందించింది. శస్త్రచికిత్స జరిగి ఏళ్లు గడిచి, రోజూ మనుషుల మధ్యే తిరుగుతున్నా ముఖాలకంటూ ప్రత్యేక స్పందన ఏర్పడలేదు. మొదట బాగానే చూసి, తర్వాత బాల్యంలో శుక్లాలు వచ్చినవారిలో మాత్రం ఆ సంకేతం మామూలుగానే ఉంది. అంటే లోటు శుక్లాల వల్లో శస్త్రచికిత్స వల్లో వచ్చింది కాదు. పుట్టిన తొలి నెలల్లో ముఖాలు చూడకపోవడం వల్ల వచ్చింది. పసికందుకు ముఖాల మీద ఉండే మొగ్గు విత్తనం లాంటిది. తొలి నెలల్లో తడి తగలకపోతే తర్వాత ఎంత నీరు పెట్టినా పంట పూర్తిగా రాదు.

ఆ తొలి ఏడాదిలోనే ఇంకో మార్పు కూడా జరుగుతుంది. ఆరు నెలల పాప కోతి ముఖాలను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయగలదు. తొమ్మిది నెలలకు ఆ నేర్పు పోతుంది. 2002లో ఒలివియే పాస్కాలిస్ బృందం చూపించిన సంగతి ఇది. చుట్టూ కనబడే ముఖాల మీదే మెదడు పదును పెట్టుకుని మిగతావాటిని వదిలేస్తుంది. పరాయి దేశాలవాళ్లంతా ఒకేలా ఉన్నారనిపించడం ఈ పదును చూపించే రెండో వైపు. వాళ్లకూ మనం అలాగే ఉంటాం.

కదలిక కథ వేరు. 1983లో జర్మనీ శాస్త్రవేత్త యోసెఫ్ జీల్, ఆయన సహచరులు ఒక మహిళ గురించి రాశారు. మెదడు రెండు వైపులా దెబ్బతినడంతో ఆమెకు రంగులు, వస్తువులు, ముఖాలు కనబడేవి గానీ కదలిక కనబడేది కాదు. కప్పులో పోస్తున్న టీ గాలిలో గడ్డకట్టినట్టుండేది, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. దూరంగా ఉన్న కారు మరుక్షణం దగ్గర ఉండేది. మధ్యలో ప్రయాణం లేదు. కదలికను చూసేందుకు మెదడులో విడిగా ఒక చోటుందని ఈ కేసు బలంగా చెప్పింది. దానికి ఎంటీ అని, వీ5 అని రెండు పేర్లు. అక్కడి కణాలు ఒక్కొక్కటి ఒక్కో దిశకు స్పందిస్తాయి. అహోబిలంలో జ్వాలా నరసింహుడి గుడికి వెళ్లే దారిలో పడే నీటిధారను నిమిషం పాటు కదలకుండా చూసి, చూపు పక్క బండ మీదికి తిప్పితే బండ మెల్లగా పైకి లేస్తున్నట్టుంటుంది. కింది దిశను చూసే కణాలు అలసిపోగా పై దిశ కణాలది పైచేయి కావడమే దానికి కారణం. స్కాట్లండ్‌లోని ఒక జలపాతం దగ్గర 1834లో రాబర్ట్ ఆడమ్స్ దీన్ని వర్ణించాడు. అరిస్టాటిల్ కూడా ప్రవాహాన్ని చూశాక ఇలాంటిదే జరుగుతుందని రాశాడు.

సినిమా నడిచేది కదలికను కల్పించుకునే ఈ గుణం మీదే. తెర మీద సెకనుకు 24 నిశ్చల చిత్రాలు తప్ప మరేమీ లేవు. ప్రాణి కదలిక విషయంలో మెదడుకు అంత సమాచారం కూడా అక్కర్లేదు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో చీకటి గదిలో ఒక మనిషి భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు, చీలమండలకు చిన్న దీపాలు కట్టి చిత్రీకరించాడు. మనిషి కదలకుండా ఉన్నంతసేపు అవి అర్థం లేని చుక్కలు. అడుగు వేయగానే చూసేవారికి నడిచే మనిషి కనబడ్డాడు. ఆ చుక్కల నుంచే ఆడో మగో, తెలిసినవారైతే ఎవరో కూడా చాలాసార్లు చెప్పవచ్చని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే. భుజం, మోచేయి, నడుము దగ్గర కీళ్లు కదిలితే చాలు, తెర వెనక చదునైన తోలు ముక్క హనుమంతుడై దూకుతుంది. నల్లమల పొదల్లో కదలని పులి చారలు గడ్డిలో కలిసిపోతాయి. అది ఒక్క అడుగు వేస్తే చారలన్నీ కలిసి కదులుతాయి, మెదడు వాటిని ఒక ఒంటిగా కట్టేస్తుంది.

ఈ శక్తి ముఖం చూసే శక్తి కంటే మొండిది. పుట్టి రెండు రోజులైన పసికందులు, నడకలను చూసిన అనుభవం దాదాపు లేకపోయినా, చుక్కలతో చేసిన కోడి నడకను అర్థం లేని చుక్కల కదలిక కంటే ఎక్కువసేపు చూశారని ఇటలీలో ఫ్రాంచెస్కా సిమియోన్ బృందం 2008లో కనిపెట్టింది. హాంబర్గ్, హైదరాబాద్ బృందాలు పుట్టు శుక్లాలు తీయించుకున్నవారికి ఇలాంటి చుక్కల నడకలే చూపించి 2015లో ఫలితాలు ప్రచురించాయి. ముఖాల దగ్గర తడబడిన మెదళ్లు ఇక్కడ తడబడలేదు. నడకను గుర్తించడంలోనూ మెదడు సంకేతాల్లోనూ మామూలు చూపువారితో సమానంగా ఉన్నారు. తొలి నెలల చీకటి ముఖాల సామర్థ్యాన్ని దెబ్బతీసి నడక సామర్థ్యాన్ని వదిలేసిందన్నమాట. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే వాటి విలువ తెలుస్తుంది.

అంతేకాదు, ఆలస్యంగా చూపు వచ్చినవారికి చూడడం నేర్పేది కదలికే. అమెరికాలోని ఎంఐటీలో ఆచార్యుడైన పవన్ సిన్హా భారతదేశంలో ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో చూపులేని పిల్లలకు చికిత్స, దాంతో పాటు పరిశోధన నడుపుతున్నారు. కొత్తగా చూపు వచ్చినవారికి ఒకదాని మీద ఒకటి పడిన రెండు ఆకారాలను చూపిస్తే, గీతలు ఖండించుకున్న ప్రతి ముక్కనూ విడి వస్తువుగా లెక్కపెట్టారు. ఒక ఆకారాన్ని కదిలించగానే అది ఒక వస్తువని వెంటనే చెప్పారు. 2009లో వచ్చిన ఈ పరిశీలన ప్రకారం కలిసి కదిలేవి ఒకే వస్తువు అన్న సూత్రం మొదట పనిచేస్తుంది. నిలకడగా ఉన్న బొమ్మను విడదీసి చూసే నేర్పు నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది.

శబ్దం కంటి కంటే ముందే పని మొదలుపెడుతుంది. గర్భంలో ఆఖరి నెలల్లోనే బిడ్డ తల్లి గొంతు వింటుంది. పుట్టి మూడు రోజులు కాకముందే పసికందులు తల్లి గొంతు వినిపించేలా పాలపీక చప్పరించే తీరు మార్చుకున్నారని 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ చూపించారు.

చెవిలోకి వచ్చిన గాలి కంపనం కర్ణభేరిని కదిలిస్తుంది. మూడు చిన్న ఎముకలు దాన్ని నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తానికి చేరవేస్తాయి. అందులోని పొర మొదట్లో హెచ్చు స్థాయి స్వరాలకు, కొసన తగ్గు స్థాయి స్వరాలకు ఎక్కువగా ఊగుతుంది. దాని మీద సుమారు 3,500 లోపలి రోమ కణాలు ఊగిసలాటను విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఈ పొర తీరును వివరించిన జార్జ్ వాన్ బెకెసీకి 1961లో నోబెల్ వచ్చింది. ఆ రోమ కణాలు ఒకసారి చస్తే మనిషిలో మళ్లీ పుట్టవు. రోజంతా రాయి కోసే యంత్రం దగ్గర చెవులకు అడ్డు లేకుండా పనిచేసేవారికి వినికిడి ముప్పు అందుకే.

శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెప్పడానికి చెవిలో కంటికున్నట్టు తెర లేదు. మెదడు లెక్క వేసుకోవాలి. కుడివైపు మోగిన గంట శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో పదివేల వంతుల్లో ఆరేడు వంతులు మించదు. మెదడు కాండంలోని కణాలు అంతకంటే చిన్న తేడాలను కూడా పట్టుకుంటాయి. ఎదురుగా, వెనకగా వచ్చే శబ్దాలకు రెండు చెవుల మధ్య తేడా ఉండదు కాబట్టి చెవి డొప్ప ముడతలు, తల తిప్పడం సాయపడతాయి.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్లో ఈ లెక్క ఎంత చిక్కుబడుతుందో తెలుస్తుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన ఈ గుహలు 3,229 మీటర్ల పొడవున ఉన్నాయి. సున్నపురాయి గోడలు శబ్దాన్ని దాదాపు మింగవు. ఒక్క పిలుపు వేయి దిక్కుల నుంచి తిరిగి వస్తుంది. అయినా పక్కన ఉన్న మనిషి మాట పక్క నుంచే వినిపిస్తుంది. మొదట చేరిన ధ్వనిని నమ్మి, వెంటనే వచ్చే ప్రతిధ్వనుల దిశను మెదడు పక్కన పెట్టేస్తుంది. 1949లో హాన్స్ వాలక్, ఆయన సహచరులు వివరించిన ఈ పద్ధతి లేకపోతే మామూలు గదిలో మాట్లాడుకోవడం కూడా కష్టమయ్యేది. ఆలస్యం బాగా పెరిగితే మాత్రం మెదడు దాన్ని దాచలేదు, అప్పుడు ప్రతిధ్వని విడిగా వినిపిస్తుంది.

ముఖాలకు ఉన్నట్టే మనిషి గొంతుకూ కణత లోపల ప్రత్యేక స్థలాలున్నాయని 2000లో పాస్కల్ బెలాన్ బృందం కనిపెట్టింది. గొంతులను పోల్చుకోలేని జబ్బు కూడా ఉంది, అరుదు. భాషా ధ్వనుల విషయంలో కోతి ముఖాల కథే మళ్లీ నడుస్తుంది. ట, త ధ్వనుల మధ్య తేడా తెలుగు చెవికి పట్టపగలంత స్పష్టం. హిందీలోని ఇవే ధ్వనులతో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో పరీక్షిస్తే, ఇంగ్లిషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది వాటిని వేరు చేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పోయింది. చెవి చెడిపోలేదు. ఇంట్లో అక్కరకు రాని తేడాను మెదడు లెక్కలోంచి తీసేసింది. ఇంగ్లిషులో రెండు రకాల ‘వ’లను తెలుగువారు ఒకటిగా వినడం వెనక ఉన్నదీ ఇదే.

మాట వినేటప్పుడు ముఖం, కదలిక, శబ్దం మూడూ కలుస్తాయి. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ‘గ’ అంటున్న పెదవుల వీడియోకు ‘బ’ అనే శబ్దం జోడించారు. చూసేవారిలో చాలామందికి ‘ద’ అని వినిపించింది. కళ్లు మూసుకుంటే ‘బ’, తెరిస్తే మళ్లీ ‘ద’. సంగతి ముందే తెలిసినా భ్రమ పోదు. చోటు విషయంలో కన్ను చెవిని ఇంకా గట్టిగా లాగుతుంది. తోలుబొమ్మలాటలో మాట్లాడేది తెర వెనక కళాకారుడైనా గొంతు బొమ్మ నుంచే వస్తున్నట్టుంటుంది. సినిమా హాల్లోనూ అంతే, స్పీకర్లు పక్కనున్నా మాట నటుడి నోటి నుంచే వస్తుంది. కాలం విషయంలో మెదడు కొంత సర్దుకుంటుంది. పది మీటర్ల దూరంలో శిల్పి ఉలి మీద సుత్తి వేస్తే శబ్దం సెకనులో నూరింట మూడు వంతుల ఆలస్యంగా చేరుతుంది, ఎవరూ గమనించరు. వంద మీటర్ల దూరంలో నిలబడితే సుత్తి పడ్డాక కొద్దిగా ఆగి దెబ్బ వినిపిస్తుంది. అంత ఎడాన్ని మెదడు ముడివేయలేదు.

ఈ కలుపుకోలు కూడా తొలి నెలల్లో నేర్చుకునేదే. పుట్టు శుక్లాలతో కనీసం తొలి ఐదు నెలలు చూపు లేకుండా గడిపినవారికి, పెద్దయ్యాక పెదవుల కదలిక చూడడం వల్ల మాట వినడంలో అందే సాయం మామూలువారి కంటే తక్కువని రోడర్ బృందమే 2007లో చూపించింది. చెవుడుతో పుట్టిన పిల్లల్లోనూ ఇలాంటి గడువే కనబడింది. మూడున్నరేళ్ల లోపు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినవారిలో శబ్దానికి మెదడు స్పందన వేళ త్వరలోనే మామూలు స్థాయికి వచ్చిందని, ఏడేళ్లు దాటాక అమర్చిన చాలామందిలో రాలేదని 2002లో అను శర్మ బృందం నమోదు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స ఆరోగ్యశ్రీ పథకంలోకి వచ్చింది. మేనరికం పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో పుట్టు చెవుడు, కొన్ని రకాల పుట్టు శుక్లాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు రెండూ రావచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో పరీక్షించే సమస్యల జాబితాలో పుట్టు శుక్లాలు, పుట్టు చెవుడు రెండూ ఉన్నాయి. బిడ్డ కంటిపాప నల్లగా కాక తెల్లగా కనబడినా, రెండు మూడు నెలలు దాటినా తల్లి ముఖం మీద చూపు నిలపకపోయినా వెంటనే కంటి వైద్యుడికి చూపించాలి. రెండు కళ్లలోనూ దట్టమైన శుక్లాలుంటే రెండు నెలల వయసు దాటకుండానే తీయించమని వైద్యులు చెబుతారు. శుక్లం తీశాక అద్దాలు లేదా కాంటాక్ట్ లెన్సులు వాడకపోతే ఆపరేషన్ ఫలితం దక్కదు. వినికిడికి ముందు ఓఏఈ అనే పరీక్ష చేస్తారు. చెవిలో చిన్న మైకు పెట్టి, శబ్దానికి జవాబుగా కర్ణావర్తం తిరిగి పంపే సన్నని ధ్వనిని కొలుస్తారు. అందులో తేడా వస్తే, శ్రవణ నాడి నుంచి మెదడు కాండం దాకా సంకేతం వెళ్తోందో లేదో బెరా పరీక్షతో చూస్తారు.